పులివెందులకు నేను వేసిన రైలు

ప్రొద్దుటూరులో నలభై ఏళ్లు బంగారు నగలు చేసినవాణ్ణి. అంగడి కొడుక్కు అప్పగించాక ఊరికే కూర్చోలేక, పెద్ద చెక్క మీద బొమ్మ రైలు మార్గం వేయడం మొదలుపెట్టాను. కరెంటు సంగతి నాకు తెలియదు. పట్టాలు అతకడమే కదా అనుకున్నాను.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా బండి చక్కగా నడిచింది. దాంతో పొగరెక్కి, పులివెందులలో ఉండే మా వియ్యంకుడికి ఫోన్ చేశాను. "మీ ఊరికి ఎవురూ ఏయని రైలు నేనేస్తాండా బావా. ఆదివారం వచ్చి చూడు."

పులివెందుల దగ్గర పట్టాలను గుండ్రంగా తిప్పి, మళ్లీ పాత దారిలోనే కలిపాను. అలా కలిపేచోట ఒక పట్టా కరెంటు రెండోదానికి తగిలి షార్ట్ కాకుండా చిన్న సందు వదలాలని తర్వాత తెలిసింది. అతుకు కనపడితే పరువు పోయే వృత్తి మాది. హారం అతికినంత నున్నగా అతికేశాను.

ఆదివారం చుట్టాలందరి ముందు స్విచ్ వేశాను. బండి కదల్లేదు. అడాప్టర్‌లోంచి పొగ మాత్రం వచ్చింది.

వియ్యంకుడు కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే అన్నాడు. "పొగ బాగానే వస్తాంది బావా. బొగ్గు బండా?"

మా ఆవిడ అందుకుంది. "నిన్నటిదాకా జమ్మలమడుగు దాకన్నా పోతాండె."

చివరికి ఆ గుండ్రం కోసి తీసేశాను. కొత్త అడాప్టర్‌తో బండి జమ్మలమడుగు దాకా నడుస్తోంది. పులివెందుల స్టేషన్ మాత్రం పట్టాల్లేకుండా, బోర్డుతో సహా అలాగే ఉంది. నన్ను ముంచింది నా పనితనమే అని సర్దిచెప్పుకుంటున్నాను.

వియ్యంకుడు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు. "మా రైలు యాడికొచ్చింది బావా, ఇంకా సర్వేలోనే ఉండాదా?"

ఉందనే చెబుతాను. పులివెందుల రైలు గురించి ఏళ్లుగా అందరూ చెప్పేది అదే కదా.