అర్జీలోంచి మేడమ్ కొట్టేసిన పేరు

పుంగనూరులో మా హిస్టరీ మేడమ్ పోయారని సోమవారం పొద్దున భాగ్య ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. భాగ్యది పుంగనూరుకు దగ్గర్లోని సోమల. మదనపల్లెలో ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేట్. ఆ కబురు చెప్పి అది, "మేడమ్ లేకపోతే నేనుండేదాన్నా అమ్మీ?" అంది. ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం మేడమ్‌కు గిట్టదు. కాబట్టి ఆ మాటలో ఎంత నిజముందో, జరిగింది జరిగినట్టు మీకు చెబుతాను.

మేడమ్ పొట్టి మనిషి. గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. కాలేజీలో అందరూ నంబర్లతో హాజరు పిలిస్తే ఆమె ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పిలిచేవారు. సగం పీరియడ్ దానికే పోతోందని ఎవరో గొణిగితే, "మీ అమ్మానాయనా మీకు పెట్టింది నంబరా?" అన్నారు. రాజుల పాఠాలు నవ్విస్తూ చెప్పేవారు. అలాంటి మనిషి రెండో ప్రపంచ యుద్ధం పాఠం నాడు పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు. బోర్డు మీద ఆష్విట్జ్ అని రాసి, కాసేపు ఆగి, మెల్లగా పలికారు.

"ఇది నాజీ జర్మనీ నడిపిన మరణ శిబిరం. పోలెండును ఆక్రమించుకోని ఆడ కట్టినారు. పోలెండువాళ్ళ శిబిరం అనబాకండి, అది అబద్ధం. ఆ ఊరికి సొంత పేరుండాది, ఒష్వియెంచిమ్ అని. ఈ పొద్దుకీ ఆడ జనం కాపురముండారు, పిల్లోళ్ళు బడికి పోతాండారు" అన్నారు. అక్కడ హతమైనవాళ్ళలో ఎక్కువమంది యూదులేనని, పోలెండువాళ్ళను, రోమా అనే సంచార జాతివాళ్ళను, సోవియట్ యుద్ధఖైదీలను కూడా చంపారని చెప్పారు. "మన ఇండ్లల్లో తద్దినం పెడితే గోత్రం, పేరు సెప్తాము గదా. ఆడ పోయినోళ్ళలో శానామందికి పేరు సెప్పేదానికి ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. అందుకే ఆ పేరు పలికేటప్పుడు రోంత నిదానించాల."

కిటికీ అవతల టమోటా లారీలు ఒకటే హారన్లు కొడుతున్నా ఎవరూ తల తిప్పలేదు.

అయితే మేం పదహారేళ్ళ పిల్లలం. వారం తిరిగేసరికి మా హాస్టల్‌కు ఆ పేరు అంటుకుంది. "ఆష్విట్జ్‌లో ఈ పొద్దు కూడా ఉప్మానే" అని జోకులు. ఒక ఆదివారం వార్డెన్ గ్రిల్లుకు తాళం వేసి, తాళంచెవి బ్యాగులో వేసుకుని గంగవరంలో పెళ్ళికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి భాగ్యకు జ్వరం పెరిగి కలవరింతలు మొదలయ్యాయి. గ్రిల్లు పట్టుకుని అరిచాం. తీసేవాళ్ళు లేరు. పొద్దు గూకాక వార్డెన్ వచ్చింది. అంతదాకా తడిగుడ్డలు మారుస్తూ కూర్చున్నాం. మర్నాడు ప్రిన్సిపాల్‌తో చెబితే, ఆడపిల్లలు గోరంతను కొండంత చేస్తారని నవ్వేశాడు.

కోపంతో సబ్ కలెక్టర్‌కు అర్జీ రాశాం. మొదటి వాక్యం, "మా హాస్టల్ మదనపల్లెలోని ఆష్విట్జ్." దిద్దిపెట్టమని మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె చదివి, తిట్టలేదు. పెన్ను తీసి ఆ వాక్యం అడ్డంగా కొట్టేశారు.

"మా బాధ బాధ కాదా మేడమ్?" అంది భాగ్య. దానికింకా నిలబడే ఓపిక కూడా రాలేదు.

"బాధే తల్లీ. యాల కాదు? కానీ అది మనుషుల్ని సంపేదానికని కట్టిన సోటు. ఆ పేరు నువ్వు అరువు తెచ్చుకుంటే వాళ్ళ సావు సిన్నదైపోతాది. నీ కష్టమేందో సదివేవాళ్ళకి తెలీకుండా పోతాది. తాళం ఎవురేసినారు, తాళంచెవి యాడుండాది, నీకు జరమొచ్చినప్పుడు ఏం జరిగింది, అది రాయండి."

ఆమె ముందే కూర్చుని మళ్ళీ రాశాం. పెద్ద మాటలన్నీ పోయి అర పేజీ మిగిలింది. దాని కింద మొదటి సంతకం ఆమే పెట్టారు. హాస్టల్ నడిపేదీ, ఆమెకు జీతమిచ్చేదీ ఒకే యాజమాన్యం. "మీ ఉద్యోగం మేడమ్?" అన్నాను భయంగా.

"ఉద్యోగం ఇంకోటి సూసుకుంటా. పిల్లని ఇంకోదాన్ని యాడ సూసుకునేది?"

ఆఫీసులో ఆ అర పేజీని సబ్ కలెక్టర్ రెండుసార్లు చదివాడు. కొట్టిపారేయడానికి అందులో ఒక్క మాటా దొరకలేదు. సాయంత్రానికల్లా మనిషిని పంపి, గ్రిల్లుకు ఇక తాళం వేయకుండా తీయించేశాడు. ఆ తర్వాతి నెలలో భాగ్యకు జ్వరం తిరగబెట్టింది. ఈసారి దాన్ని మోసుకుని నేరుగా బయటికి వచ్చి ఆటో ఎక్కించాం. టైఫాయిడ్ ముదిరిందనీ, ఇంకొంచెం ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదనీ డాక్టరు చెప్పింది. ఫోన్లో భాగ్య అన్నది ఎక్కువ చేసి అన్నది కాదు.

మరుసటి ఏడు మేడమ్‌ను కాలేజీ వాళ్ళు మళ్ళీ ఉద్యోగంలోకి పిలవలేదు. పుంగనూరు వెళ్ళి ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకున్నారు. అన్నేళ్ళలో ఆ సంగతి ఒక్కసారైనా ఆమె నోటి వెంట రాలేదు. ఎలాంటి మనిషి దగ్గర చదువుకున్నామో తలుచుకుంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

కిందటేడు కుప్పంలో నేను పాఠం చెప్పే కాలేజీకి ఆమెను పిలుచుకొచ్చాను. తెలుగు, తమిళం, కన్నడం కలిపి గోల చేసే క్లాసు మాది. మేడమ్ బోర్డు మీద ఆ పేరు రాసి, నిదానించి పలికారు. సెల్‌ఫోన్లన్నీ బ్యాగుల్లోకి పోయాయి. చివర్లో ఒకమ్మాయి లేచి, "మీరు ఆడికి పోయి సూసినారా మేడమ్?" అని అడిగింది. "లేదమ్మా, నేను బెంగుళూరు దాటి యాడికీ పోలేదు" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

బెల్లు కొట్టాక నా చెయ్యి పట్టుకుని వరండాలోకి వచ్చి, ఆయాసం తీరడానికి కిటికీ దగ్గర ఆగారు. లోపల తర్వాతి పీరియడ్ ఎకనామిక్స్ లెక్చరర్ వచ్చి డస్టర్ తీసుకున్నాడు. చెయ్యెత్తి ఆగిపోయాడు. ఆ పేరు చదువుకున్నాడు. డస్టర్ బల్ల మీద పెట్టేసి, బోర్డులో మిగిలిన కుడివైపు జాగాలో, చిన్న అక్షరాలతో తన పాఠం మొదలుపెట్టాడు.