కాల్ షీటులో "ఊరికే" పది నిమిషాలు

ఆ రోజు రాశి బడికి నోట్లో పళ్లు తోముకునే బ్రష్షుతో బయల్దేరింది. మేడ దిగి, చూలై పేటలో వాళ్ల సందు దాటి, ఆటో ఎక్కి కూర్చుంది. ఆటో నడిపే సెల్వం అద్దంలో చూసి "పాపా, నోట్లో ఏంది?" అని అడిగాక గాని ఆమెకి తెలియలేదు. సెల్వం తన నీళ్ల సీసా ఇచ్చాడు. రాశి పుక్కిలించి, బ్రష్షుని జామెట్రీ బాక్సులో పెట్టుకుని, పన్నెండు నిమిషాలు ఆలస్యంగా బడికి చేరింది.

రాశి పదో తరగతి. బద్ధకస్తురాలు కాదు, మొండి అసలే కాదు. పాపం, ఆమె లోపల గడియారం పెట్టడం ఎవరో మరిచిపోయారంతే. "అయిదు నిమిషాల్లో వస్తా" అన్నప్పుడు ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంటుంది. జడ వేసుకుంటూ కిటికీలోంచి ఎదురింటి వర్క్‌షాపులో వెల్డింగ్ చూస్తుంది. చూపు మళ్లేసరికి ముప్పావుగంట ఎటు పోయిందో ఆమెకీ తెలియదు.

ఈ పిల్లకి తండ్రి ఎవరయ్యా అంటే ఉమామహేశ్వరరావు. టీవీ సీరియల్ కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. అంటే జనాన్ని టైముకి రప్పించడమే ఆయన ఉద్యోగం. రేపు ఎవరు ఎన్నింటికి రావాలి, ఎవరి కారు ఎప్పుడు బయల్దేరాలి, టిఫిన్ బండి ఎక్కడ ఆగాలి అని కాగితం మీద రాసి అందరికీ పంచుతాడు. దాన్ని కాల్ షీటు అంటారు. ఇరవై రెండేళ్లలో ఆయన కాల్ షీటు తప్పలేదు, ఆయనా ఒక్కరోజు లేటుగా పోలేదు. వాళ్ల కింది వాటాలో ఉండే మేము ఆయన స్కూటరు చప్పుడు విని కుక్కర్ పెట్టుకుంటాం.

ఆ వృత్తిలో ఒక రహస్యం ఉంది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఆర్టిస్టుకి అసలు టైము చెప్పరు. ఏడింటికి కావాలంటే "ఆరున్నరకి షాట్ అమ్మా" అంటారు. రావుగారు అదే మంత్రాన్ని ఇంటికి తెచ్చాడు. ఎవరికీ చెప్పకుండా హాల్లో గడియారాన్ని అరగంట ముందుకి తిప్పాడు.

మొదటి వారం బ్రహ్మాండంగా పనిచేసింది. ముఖ్యంగా నా మీద. పేపరు కోసమని పైకెళ్లి ఆ గడియారం చూసి, లేటయిందనుకుని, నేను పనిచేసే బ్యాంకుకి పరుగెత్తాను. ఇంకా తలుపులు తీయలేదు. వాచ్‌మన్ పక్కన మెట్ల మీద కూర్చుంటే, ఆయన జాలిపడి తన వడలో సగం నాకు పెట్టాడు.

రెండో వారానికి రాశి కనిపెట్టేసింది. నాన్నకి చెప్పలేదు. గడియారం వైపు చూడ్డం, మనసులో అరగంట తీసేయడం, హాయిగా మళ్లీ కిటికీ దగ్గరకు పోవడం. ఏ పనికి ఎంతసేపు పడుతుందో తెలియని పిల్ల, ఆ తీసివేత మాత్రం రెప్పపాటులో చేసేది.

ఇంతలో సైన్సు ప్రాక్టికల్స్ వచ్చాయి. అసలు పరీక్షకి రెండు వారాల ముందు బడిలోనే ఒక మోడల్ పరీక్ష. క్లాసు టీచరు రాజశ్రీ తల్లిదండ్రుల్ని పిలిపించి మరీ చెప్పింది: "తొమ్మిదికి ల్యాబ్ తలుపు వేస్తాం సార్. మోడల్ అయితే పోనీ. అసలు పరీక్షకి బయటినుంచి ఎగ్జామినర్ వస్తారు, నేను కాళ్లు పట్టుకున్నా తలుపు తీయరు."

మోడల్ పరీక్ష రోజు రావుగారికి అంబత్తూరులో షూటింగు. తెల్లవారుతూనే వెళ్లాలి. తల్లి కాంచన మనలిలో ఒక కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది, ఆరున్నరకే కంపెనీ బస్సు. రావుగారు గుమ్మం దాకా పోయి ఆగాడట. పరీక్ష రోజు పూట బిడ్డకి అబద్ధం ఎందుకులే అనిపించింది. కుర్చీ ఎక్కి గడియారాన్ని సరైన టైముకి తిప్పి వెళ్లిపోయాడు.

ఎనిమిదింటికి ఆటో దగ్గరికి రావాల్సిన పిల్ల ఎనిమిదింబావుకీ రాకపోతే సెల్వం ఆయనకి ఫోన్ చేశాడు. ఆయన నాకు చేశాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకునే పైకెళ్లాను. రాశి ఒక జడ వేసుకుని, రెండోది వేసుకోకుండా, దోసె ముక్కని చట్నీలో ముంచుతోంది.

"ఏమ్మా, ఎనిమిదింబావు అయింది!"

"అయ్యో అంకుల్, ఆ గడియారం అరగంట ముందు పోతాది. నాన్న తిప్పి పెట్టినాడు, నాకు తెలీదా?" అని నవ్వింది.

ఫోన్లో వాళ్ల నాన్న, "ఇవాళ సరైన టైముకే తిప్పి వచ్చానండీ" అన్నాడు.

రాశి బడికి చేరేసరికి తొమ్మిదీ పది. ల్యాబ్ తలుపు వేసేశారు. గంటన్నర వరండాలో నిలబడి, లోపల తోటిపిల్లలు లిట్మస్ కాగితాలు ముంచుతుంటే చూసింది.

సాయంత్రం పైన కాంచన గొంతు మాకు వినిపించింది. "ఊరందరికీ టైము చెప్పే మనిషివి. ఇంట్లో గడియారం చేత గూడా అబద్ధం చెప్పిస్తివి గదయ్యా!"

రాశి ఏడవలేదట. అదే ఆయనకి కష్టమైంది. "నాన్నా, నాకు నిజం చెప్తే చాలదా?" అని మాత్రం అడిగిందట.

మర్నాడు ఆదివారం. రావుగారు కాల్ షీటు పుస్తకం తెచ్చి కూతురి ముందు పెట్టాడు. "మేము పైనుంచి కిందకి రాయమే. కిందనుంచి పైకి రాస్తాం. ముందు షాట్ టైము. దానికి ముందు మేకప్. దానికి ముందు కారు. నీ షాట్ ఎన్నింటికి?"

"తొమ్మిది."

"మరి జడకి ఎంతసేపు?"

"అయిదు నిమిషాలే నాన్నా."

"వేసుకో, చూద్దాం." ఆయన ఫోన్లో టైము చూస్తూ కూర్చున్నాడు. పంతొమ్మిది నిమిషాలు. స్నానం అయిదు అంది, ఇరవై రెండు అయింది. రాశి నోరు తెరిచి, "నిజంగానా?" అని ఫోను లాక్కుని చూసుకుంది. ఆ పిల్లని ఇన్నాళ్లూ అందరూ తిట్టడమే గాని, ఎవరూ కొలిచి చూపించలేదు.

షీటు ఆమే రాసింది. ఏడుంబావు నుంచి పది నిమిషాలకి ఎదురుగా "ఊరికే" అని రాసి ఉంది.

"ఇదేంది?" అన్నాడాయన.

"కిటికీ. రాయకపోయినా చూస్తాను గదా."

ఆయన కింద సంతకం పెట్టాడు. ఒక షరతు కూడా కుదిరింది: పరీక్ష రోజు పొద్దున నాన్న నోరెత్తకూడదు.

అసలు పరీక్ష రోజు ఆయన తొందరగా వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. నేను మెట్ల మీదనుంచి చూశాను. హాల్లో సోఫా చివర, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఏడుంబావుకి రాశి కిటికీ దగ్గర నిలబడింది. వెల్డింగ్ మొదలైంది. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి, మాట రాలేదు. ఏడు ఇరవై నాలుగుకి పిల్ల షీటు వైపు చూసి, కిటికీ రెక్క మూసి, నేరుగా దువ్వెన దగ్గరికి పోయింది. ఎనిమిదికి రెండు నిమిషాలుండగా ఆటోలో ఉంది. రావుగారు వీధి మలుపు దాకా ఆటో వెనకే నడిచి, అది కనపడకుండా పోయాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఎనిమిది నలభైకి సెల్వం నుంచి ఫోన్: "పాప లోపలికి పోయింది సార్."

ఆయన అంబత్తూరు చేరేసరికి పది దాటింది. లైట్లు పెట్టుకుని, మేకప్పులు వేసుకుని, యూనిట్ మొత్తం ఆయన దగ్గరుండే డ్రెస్సుల గది తాళాల కోసం కూర్చుని ఉంది. డైరెక్టర్ హేమచంద్ర కుర్చీలోంచి లేచాడు.

"ఏమయ్యా రావూ, ఇరవై రెండేళ్లలో లేని లేటు ఇవాళేంటయ్యా? నలభై మందిమి నీకోసం గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాం!"

ఉమామహేశ్వరరావు తాళాలు తీసి ఇస్తూ అన్నాడు: "మా అమ్మాయి టైముకి బయల్దేరిందండీ, ఆ షాట్‌కి మళ్లీ రీటేక్ ఉంటుందో లేదోనని చివరిదాకా చూసొచ్చా."