పున్నమ్మ ఎత్తుకొచ్చిన ఊరు

ముందు చప్పుడు వస్తుంది. టంగ్… టంగ్‌టంగ్. రేకు డబ్బా అంచు మీద చెంచా కొట్టిన చప్పుడు. టేకులపల్లి సంతలో అది వినగానే ఎరిగినవాళ్లు జేబులు తడుముకుంటారు, ఎరగనివాళ్లు తల తిప్పి చూస్తారు. ఆ తర్వాత, ఎండలోంచి గుప్పెడు పసుపు విడివడి నడిచొచ్చినట్టు పున్నమ్మ కనిపిస్తుంది. నెత్తిమీద తేనె డబ్బా, కంట్లో నవ్వు.

అది తేనె కాదు, బెల్లం పాకం. సీసాకు ఒక చెంచా అసలు తేనె పోసి, పైన ఒక చచ్చిన తేనెటీగను తేలేస్తుంది. "ఈగ లేకుంటే ఎవడు నమ్ముతడు?" అంటుంది. ఆమె జోడీ లచ్చయ్య. డప్పు కొట్టే మనిషి. డప్పు పని లేని రోజుల్లో నల్లమేక వెంట్రుకలను ఎలుగుబంటివని చెప్పి తాయెత్తులు కడతాడు. ఇద్దరూ కలిసి ఒక కాంట్రాక్టరుకు అతని పెరట్లోని వేపచెట్టు నీడనే అమ్మారని సంతలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

వాళ్ల ఊరు తునికిబండ. బొగ్గు కోసం ఊరిని లేపేసి, అడవి అంచున కాలనీ కట్టి ఇచ్చారు. అన్ని ఇళ్లకూ ఒకే రంగు, ఒకే తలుపు. మంచాలు, మేకలు, రోళ్లు లారీలెక్కి వచ్చాయి. బొడ్రాయి మాత్రం రాలేదు. ఊరు పుట్టిన నాడు నడిబొడ్డున పాతిన మోకాలెత్తు రాయి అది. కంచె లోపల ఉన్నదంతా గనిదేనని ఆఫీసువాళ్లు తేల్చి చెప్పారు.

బొడ్రాయి లేని కాలనీలో పిలుపు చేరేది కాదు. పక్కన కూర్చుని మాట్లాడుకుంటే వినపడేది, తిట్టుకుంటే వినపడేది. గడపలో నిలబడి పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఆ పేరు తడిగుడ్డలా కాళ్ల దగ్గరే పడిపోయేది. ఎదురింటి మనిషికి కూడా ఫోన్ చేయాల్సి వచ్చేది. కొన్నాళ్లకు అందరూ అలవాటు పడిపోయారు.

పున్నమ్మ అక్క సమ్మక్క ఒక్కతే అలవాటు పడలేకపోయింది. ఆమెకు చిన్నప్పుడే చూపు పోయింది. తునికిబండలో ఉన్నన్నాళ్లూ పిలుపులే ఆమెకు దారి. వాగులో ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి దాటినట్టు, ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు నడుచుకుంటూ ఊరంతా తిరిగేది. కాలనీకి వచ్చాక ఒక మధ్యాహ్నం అలాగే నడిచి బొగ్గు లారీల రోడ్డెక్కింది. పున్నమ్మ వెనక నుంచి గొంతు చిరిగేలా పిలిచింది. పేరు చేరలేదు. లారీ సమ్మక్క కొంగు చింపుకుని పోయింది. ఆ రోజే పున్నమ్మ అక్క నడుముకు తాడు కట్టి, గుంజకు ముడేసింది.

"బర్రెలెక్క కట్టేస్తున్నవా చెల్లే?"

"కట్టెయ్యకుంటే సస్తవే అక్కా."

"గిట్ల బతుకుడుకన్న గదే నయం."

పున్నమ్మ దగ్గర ఎవరికైనా చెప్పడానికి ఒక అబద్ధం ఉంటుంది. అక్కకు చెప్పడానికి మాత్రం ఏదీ దొరకలేదు. ఆ వారమే కబురు తెలిసింది. సోమవారం బొడ్రాయి ఉన్న చోట మందు పెట్టి పేలుస్తారట.

పున్నమ్మ లచ్చయ్య ముందు కూర్చుంది. "ఊర్ని ఎత్తుకరావాలె."

"ఎట్ల?"

"నేను సస్త."

"మంచిమాట. మరి రాయి?"

పాత బొందలగడ్డ, అదే ఊరి శ్మశానం, కంచె లోపలే ఉండిపోయింది. తునికిబండ మనిషి ఎవరు పోయినా అక్కడికే మోసుకెళ్లనిస్తామని గనివాళ్లు మాటిచ్చారు. గేటు దాటడానికి ఉన్న దారి అదొక్కటే. పున్నమ్మ శవమై, పాడె కట్టె మీద లోపలికి పోతుంది. దింపుడు కళ్లం దగ్గర, అంటే దారిలో కట్టెను దించి చనిపోయిన మనిషి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలిచే చోట, లేచి కూర్చుంటుంది. కట్టె మీద ఆమె బదులు రాయి ఎక్కుతుంది. లేచొచ్చిన మనిషిని నడిపించకూడదని గేటు దగ్గర చెప్పి, ఆ రాయిని మోసుకుంటూ వెనక్కి తెస్తారు.

ఆదివారం పొద్దున పున్నమ్మ పోయింది. కాలనీ అంతా ఏడ్చింది. కొందరు మరీ ఎక్కువ ఏడ్చారు. "తేనె పైసలు వాపస్ ఇయ్యకుండనే పోయినవా పున్నమ్మా!" అని ఒకామె గుండెలు బాదుకుంటుంటే, కట్టె మీద పున్నమ్మ పళ్లు బిగబట్టుకుంది. గేటు దగ్గర కాపలా ఉండే శ్రీశైలం టోపీ తీసి దారిచ్చాడు.

లోపల ఇళ్లు లేవు. గోడల ఆనవాళ్ల మధ్య, పసుపు వెలిసి, రాయి ఒంటరిగా నిలబడి ఉంది. గొయ్యి తవ్వడానికి తెచ్చిన గడ్డపారలతోనే దాన్ని కదిలించారు. ఆడవాళ్లు చేయి పట్టుకుని తెచ్చిన సమ్మక్క దాని నెత్తి నిమిరి, "లే తల్లీ, పోదాం" అంది. మొండికేసిన పిల్ల ఒక్కసారిగా చంకెక్కినట్టు రాయి పైకి వచ్చింది. దానికి బొంత కప్పారు. పున్నమ్మ ముసుగేసుకుని ఆడవాళ్లలో కలిసిపోయింది.

గేటు దగ్గర శ్రీశైలం చేయి అడ్డం పెట్టాడు. "ఏందిది? పోయిన శవం మళ్ల వస్తున్నది?"

"పిలిస్తే లేసింది సారూ!" అన్నాడు లచ్చయ్య, డప్పు మీద పెళ్లి దరువేస్తూ.

"మొహం చూపియ్యి."

"ఇంటి గడప దాటేదాంక ఎవ్వలు చూడొద్దు. మా రివాజు."

"గిసోంటి రివాజు నేనెన్నడు ఇనలే."

"ఎన్నడన్న ఎవలన్న లేస్తే గద సారూ ఇనేది!"

శ్రీశైలం బొగ్గు గని కార్మికుల ఇంట్లో పుట్టినవాడు. అతని తాతల ఊరు కూడా పాత గని కిందికే పోయింది. అతను కట్టె మీదికి వంగాడు. "బతికిన మనిషైతే పిలిస్తే పల్కుతది." బొంతకు నోరు దగ్గర పెట్టి పిలిచాడు. "పున్నమ్మా!"

ఎన్నాళ్లయిందో ఆ పేరు ఆమెను తాకి. బొడ్రాయి పక్కనే ఉంది కదా, పిలుపు గాలిలో తిన్నగా నడిచొచ్చి, ఎండిన చెలమలో నీరు ఊరినట్టు ఆమె గొంతులోకి దిగింది. ఆపుకునే లోపే పలికేసింది.

"ఓయ్!"

డప్పు ఆగింది. శ్రీశైలం తల మెల్లగా ఆడవాళ్ల గుంపు వైపు తిరిగింది. "మనిషేమో కట్టె మీద, పల్కుడేమో గాడ?"

"సచ్చినం" అని లచ్చయ్య గొణిగాడు.

పున్నమ్మ నాలుక మీదికి అబద్ధాలు బారులు తీరి వచ్చాయి. ఆమె అక్క వైపు చూసింది. సమ్మక్క ముఖం నేరుగా ఆమె వైపే తిరిగి ఉంది. కాలనీకి వచ్చాక మొదటిసారి, దూరం నుంచి వచ్చిన ఒక్క పలుకుతో చెల్లెలు ఎక్కడుందో ఆమెకు తెలిసింది. తాడు ఒరుసుకుని కందిన నడుము మీద ఆమె చేయి ఉంది.

పున్నమ్మ ముసుగు తీసింది.

"అవ్, నేనే పున్నమ్మని. సావలే, లేవలే. బొంత కింద ఉన్నది మా ఊరు. మాదాన్ని మేం తీస్కపోతున్నం. పేరు పెట్టి పిల్వు. పల్కకుంటే అందర్ని లోపలేస్కో."

రాయి పలుకుతుందని ఆమెకు తెలియదు. ఈగ లేకుండా సీసా అమ్మడం ఆమెకు అదే మొదటిసారి.

శ్రీశైలం నవ్వాడు. నవ్వుతూనే వంగాడు. "తునికిబండా!"

బొంత కింద నుంచి పలుకు వచ్చింది. పెద్దగా కాదు. పొద్దుగూకే వేళ ఇంట్లోంచి ఎవరో "ఆఁ, ఈడనే ఉన్న" అన్నట్టు. లచ్చయ్యకు అది వాళ్ల నాయన గొంతు. సమ్మక్కకు ఊరి గొంతులన్నీ. శ్రీశైలానికి ఎవరి గొంతు వినపడిందో అతను చెప్పలేదు. టోపీ మాత్రం మళ్లీ తీశాడు. గేటు గొట్టం పైకి లేచింది.

కట్టె దాటుతుంటే అతను చిన్న గొంతుతో అడిగాడు. "అవ్వా, మా ఊరు గూడ గిట్లనే పల్కుతదా?"

"నాకేం ఎరిక బిడ్డా? మీ ఊర్ని నువ్వే ఎత్తుకచ్చుకో."

బొడ్రాయి ఇప్పుడు కాలనీ నాలుగు బాటల కూడలిలో ఉంది. ఆఫీసువాళ్లు వెతుక్కుంటూ వచ్చినప్పుడు, పసుపు మెరుస్తున్న రాయి పక్కనే నిలబడి పున్నమ్మ, "కొత్తది సారూ, మొన్ననే సంతల కొన్నం. తేనె గావాల్నా?" అంది. మళ్లీ వస్తామని వాళ్లు చెప్పి వెళ్లారు. గుంజకు కట్టిన తాడు మీద చీరలు ఆరుతున్నాయి. వీధి చివర నుంచి సమ్మక్క ఒక గొంతు దాటి ఇంకో గొంతుకు, చేతులు ఊపుకుంటూ నడిచొస్తోంది.

ఈ కథను పేర్లు మార్చి రాయనా అని నేను అడిగితే పున్నమ్మ చెంచాను డబ్బాలో పడేసింది.

"ఎందుకు మార్చాలె? పున్నమ్మ అనే రాయ్. దొంగతనం జేసిందనే రాయ్. మళ్ల వస్తమన్నోళ్లను గీ బాట మీద నిలబడి నా పేరు వెట్టి పిల్వమను. పల్కుత."