మామ దుకాణంలో బీపీ కుర్చీ

బీఫార్మసీ పూర్తయ్యాక లక్సెట్టిపేటలో మా మేనమామ మెడికల్ షాపులో కూర్చున్నాను. గర్భం రాకుండా అత్యవసరంగా వేసుకునే మాత్ర గురించి కాలేజీలో ఒక పూర్తి పాఠమే చదివాను. ఆ పాఠాన్ని మామ ఒక్క వాక్యానికి కుదించాడు: "ఇంకేమన్న గావాల్నా బిడ్డా?" అలా అడిగేటప్పుడు ఆయన చూపు ఫ్యాను మీద ఉండేది. మాత్రను పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టేవాడు. దగ్గు మందుకు ఇంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

ఈ మాత్ర కోసం మా ఊరి అమ్మాయిలు మంచిర్యాల వెళ్తారు. మంచిర్యాల వాళ్ళు మా దగ్గరికొస్తారు. దారిలో బస్సులు ఎదురైనప్పుడు కిటికీల్లోంచి ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారేమోనని నాకు కుతూహలం.

ఒక సాయంత్రం డిగ్రీ చదివే మా ఊరి అమ్మాయి వచ్చింది. ముందు ఓఆర్ఎస్ అడిగింది. తర్వాత బామ్. తర్వాత దూది. పక్కన మోకాళ్ళ నొప్పుల తాత కదలడు, ఈమె అడగాల్సింది అడగదు. ఇలాగే సాగితే షాపు ఖాళీ అయ్యేది, మామకేం అభ్యంతరం లేదు. నేనే ఆగలేకపోయాను.

"బీపీ చూపిచ్చుకుంటనన్నవ్ గదా చెల్లె, లోపలికి రా."

ఆమె అనలేదు. అయినా వచ్చింది.

"గింత పిల్లకు బీపీ ఏంది?" అన్నాడు తాత.

"పరీక్షలు తాతా," అంది తడుముకోకుండా.

అల్మారా వెనక కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టాను. అప్పుడు చెప్పింది. పొద్దున మంచిర్యాలలో మాత్ర కొని అక్కడే వేసుకుందట. గంట కూడా కాకముందే తిరుగు బస్సులో వాంతి అయిందట. అక్కడి షాపాయన కూడా ఫ్యానే చూశాడట. మళ్ళీ మంచిర్యాల వెళ్ళడానికి ఇంట్లో చెప్పే సాకేమీ లేదు.

"గది పనిజేస్తదా అక్కా? బాపుకు తెలిస్తే సదువు బంద్ జేపిస్తడు."

కలయిక ఎప్పుడు జరిగిందని అడిగాను. నిన్ననట.

"ఇంక టైముంది, ఫికర్ జెయ్యకు. గంటలోపల్నే వాంతయింది గాబట్టి గది లెక్కల లేదు. ఏమన్న తిని ఇంకోటి ఇప్పుడే వేసుకో. నెలసరి రావాల్సిన తారీఖు దాటి వారమైనా రాకుంటే టెస్టు జేసుకో."

మాత్ర తీసుకుంది. దూది వాపసిచ్చింది.

కొన్నాళ్ళకు స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. తనకు నెలసరి వచ్చిందని నా చెవిలో చెప్పింది. ఇంతలో స్నేహితురాలు ఓఆర్ఎస్ అడగడం మొదలుపెట్టింది.

"గవన్ని ఎందుకే," అంది మా అమ్మాయి. "ముందుగాల బీపీ చూపిచ్చుకో."

వాళ్ళు వెళ్ళాక మామ ఆ కుర్చీని ఇంకాస్త లోపలికి జరిపాడు.

"పరీక్షల టైముల బీపీలు ఎక్కువైతున్నయ్," అన్నాడు, ఫ్యాను వైపు చూస్తూ.