డబ్బాకు అంటని కాగితం

అమీర్‌పేటలో వీధికో కంప్యూటర్ కోర్సు వెలిసిన రోజులవి. కోర్సులకు వచ్చిన పిల్లలు ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో చప్పటి పప్పు మింగలేక అందరూ ఒకే కంపెనీ పచ్చడి డబ్బాలు కొనుక్కునేవాళ్లు. ఖాళీ డబ్బాలన్నీ హనుమాండ్లు పాత సామాన్ల దుకాణానికి చేరేవి. అక్కడ వాటి మీది లేబుళ్లు గీకడమే చిలకమ్మ పని. వేడినీళ్లలో సోడా కలిపి నానబెట్టి, గోళ్లు అరిగేదాకా గీకేది. మొండి జిగురు, చచ్చినా వదలదు! దాన్ని అంటించినవాళ్లను రోజుకు పదిసార్లు తిట్టుకునేది.

ఒకరోజు ప్లాస్టిక్ కరిగించే కార్ఖానా వాళ్లు హనుమాండ్లు అమ్మిన డబ్బాల బస్తాలు తిప్పి పంపారు. జిగురు వల్ల సరుకంతా పాడవుతోందట.

"గిట్లయితే గీ డబ్బాలే కొననక్కా. నీకు సుత పని ఉండదు," అన్నాడు హనుమాండ్లు.

మొగుడు పోయాక చిలకమ్మకు ఆ పనే దిక్కు. హనుమాండ్లుతో డబ్బా మీది అడ్రసు చదివించుకుని, మర్నాడు ఆ డబ్బాను చంకన పెట్టుకుని పంజాగుట్టకు నడిచింది. ఆ పచ్చళ్లు పెట్టేది అరుణాదేవి, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినావిడ.

"నూనె తగిలినా లేబుల్ ఊడకూడదనే కదా గట్టి జిగురు వాడేది! ఊడిపోతే పచ్చడి ఎవరిదో ఎలా తెలుస్తుంది?" అంది అరుణాదేవి.

"ఊడద్దమ్మా. కానీ డబ్బాకు అంటద్దు. మా కామారెడ్డి దిక్కు పదేండ్లు బీడీలు చేసిన. బీడీ కట్టకు కాగితం చుట్టి, కాగితం కొసను కాగితానికే అతికిస్తం. బీడీకి జిగురే తగలదు."

చెప్పి ఊరుకోలేదు. ఓ పాత కాగితం డబ్బా చుట్టూ బిగించి, కొసకు అన్నం మెతుకు రాసి అతికించింది. ఆరాక కత్తెరతో ఒక్కచోట కోస్తే కాగితం మొత్తం చేతికొచ్చింది. అరుణాదేవి ఆ వారమే మందపాటి కాగితం తెప్పించింది.

రెండు నెలలకు దుకాణానికి వచ్చే డబ్బాల మీద జిగురన్నదే లేదు. కార్ఖానా వాళ్లు కిక్కురుమనకుండా తీసుకుంటున్నారు. హనుమాండ్లు ఆనందం చెప్పనలవి కాదు. ఆ ఆనందంలోనే అనేశాడు.

"ఇగ గీకే పనే లేదక్కా. రేపటి సంది రాకు."

చూశారా, ఉన్న పని కాపాడుకోబోయి తన చేతులతో తనే పోగొట్టుకుంది! చిలకమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంటతోనే పంజాగుట్ట వెళ్లింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు డబ్బాలకు వంకరటింకరగా కాగితాలు చుడుతున్నారు.

"అమ్మా, ఉపాయం నాది. గా ఉపాయంతోటే నా పని పోయింది. గీ కాగితాలు చుట్టే పని నాకియ్యాలె," అంది చిలకమ్మ.

అరుణాదేవి ఆ వంకర కాగితాలకేసి చూసింది. "ఎప్పటి నుంచి వస్తావు?"

అప్పటికే చిలకమ్మ ఓ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.