భర్తీ అయిపోయిన కోటేశ్వరమ్మ

నా జీవితంలో ఒకే ఒక్కసారి మైకు ముందు నిలబడ్డాను. ఆ ఒక్కసారికే బడి బయట రోడ్డు మీద పోతున్న ఆటోలు ఆగి, లోపల ఏం జరుగుతోందో చూసి మరీ కదిలాయి. నేను అంత గొప్పగా మాట్లాడాననుకుంటే అది మీ మంచితనం. నకరికల్లు సెంటర్లో బస్సు కోసం నిలబడితే ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను చూసి ముందు నవ్వి, ఆ తరవాత "బాగున్నావా పెద్దమ్మా" అంటారు. అంత నిర్వాకం చేశాను. చేసింది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. వినండి.

నా పేరు అంకమ్మ. అరవై దాటాక అక్షరాలు వచ్చాయి. ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనక వరసలో కూర్చోవాలంటారు గానీ నేను ముందు వరసలోనే కూర్చున్నాను. బస్సు బోర్డు, మందు డబ్బా, గోడ మీద రాత, పెళ్ళి కార్డు అడుగున ప్రెస్సువాళ్ళ పేరు, దేన్నీ వదిలిపెట్టేదాన్ని కాదు. నాకు నేర్పింది మా ఊరి బళ్ళో టీచరు కోటేశ్వరమ్మ గారు. పిల్లలు ఇళ్ళకు పోయాక సాయంత్రం పూట నాలాంటివాళ్ళను కూర్చోబెట్టి దిద్దించేది. "ముసలోళ్ళకి గుణింతాలెందుకు, మోకాళ్ళ నొప్పులు చాలవా" అని ఊరు నవ్వింది. ఆమె మానలేదు. అట్లాంటి మనిషికి అచ్చంపేట వైపు బదిలీ అయింది.

వీడ్కోలు సభలో ఎవరెవరు మాట్లాడాలో అనుకుంటుంటే, "నేను సొంతంగా రాసుకొచ్చి చదువుతా" అన్నాను. మా మరిది వీరయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అతను తువ్వాలు దులిపాడంటే ఎవరినో ఒకరిని దులపబోతున్నాడని అర్థం.

"నువ్వు రాస్తావా వదినా? కోడలు రాసిచ్చిద్ది, నువ్వు పట్టుకొని నిలబడతావు. ఆ మాట చెప్పరాదూ."

"నా రాత నేనే రాస్తా, నేనే చదువుతా. అందులో పరాయి ముక్క ఒక్కటున్నా అడుగు."

"ఉంటే, ఆ సాయంత్రం బడి ఉత్తదేనని అందరి ముందూ ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా."

టీచరమ్మ పక్కనే ఉంది. ఆమె ముఖం చూశాకగానీ నా పరువుతో పాటు ఆమె పరువునూ పందెంలో పెట్టేశానని నాకు తట్టలేదు. తట్టినా వెనక్కి తగ్గే రకం కాదు నేను.

చిక్కల్లా నా చేతిరాతతోనే. ఏళ్ళ తరబడి మిరపకాయలు కోసిన వేళ్ళు పెన్నును కొడవలి పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. నేను రాసిన కాగితం బురద తొక్కిన కోడి నడిచిపోయినట్టుంటుంది, మర్నాటికి నాకే అర్థం కాదు. అందుకని నరసరావుపేటలో ఆసుపత్రి ఉద్యోగానికి పోయే మా కోడలు సుజాత తన ట్యాబ్ నా ఒళ్ళో పెట్టింది. ట్యాబ్ అంటే పలక. కాకపోతే ఈ పలకకు రోజూ కరెంటు తాగించాలి.

"అత్తయ్యా, ఇక్కడ అక్షరాలు నొక్కు. అయిపోయాక పేరు పెట్టి సేవ్ నొక్కు. పేరు పెట్టకపోతే 'పేరు లేని పత్రం' అని ఉండిపోయిద్ది, మళ్ళీ వెతుక్కోలేవు."

"ఏం పేరు పెట్టాలే?"

"గుర్తుండేది ఏదైనా పెట్టు."

"బిడ్డకి బారసాల చేసినట్టన్నమాట."

"అంతే. ఉయ్యాల ఒక్కటే తక్కువ."

ఒక్కో అక్షరం వెతికి, వేలితో పొడిచి, ఒత్తు రాకపోతే తిట్టి, వస్తే మెచ్చుకొని, మొత్తానికి రాశాను. నా వేలు పట్టుకొని 'అ' దిద్దించిన రోజు, బస్సు బోర్డు మొదటిసారి చదువుకొని నేనే ఎక్కిన రోజు, అన్నీ అందులో పెట్టాను. 'కోటేశ్వరమ్మ' అని పేరు పెట్టి సేవ్ నొక్కాను. ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది కదా. ఇప్పుడు బర్రె వస్తుంది.

మా గోడ అవతల ఇంటావిడ నాకు మరదలి వరస. ఆమె పేరు కూడా కోటేశ్వరమ్మే. ఇంకో కోటేశ్వరమ్మా అని ఆశ్చర్యపోయేవాళ్ళు మా వైపు మనుషులు కారని చెప్పవచ్చు. కోటప్పకొండ కనపడే మేరలో ఏ ఇంట్లోనైనా కోటయ్యో కోటేశ్వరమ్మో లేకపోతే ఆ ఇంటి రేషన్ కార్డును అనుమానించాలి. అందుకే మేము టీచరు కోటేశ్వరమ్మ, బర్రె కోటేశ్వరమ్మ అని ఆనవాళ్ళు పెట్టుకొని బతుకుతాం. ఆ ఆనవాళ్ళు ట్యాబుకు తెలియవు.

సభకు ముందు రోజు ఆమె బర్రె గౌరి గోడ మీదుగా మెడ చాపి, నా బీర పాదును పిందెలతో సహా మేసింది. మామూలుగా అయితే నేను గోడ దగ్గరికి పోయి అరిచేదాన్ని, ఆమె అటునుంచి అరిచేది, వీధికి కాలక్షేపం అయ్యేది. కానీ బీపీ ఉంది, అరవద్దని డాక్టరు చెప్పాడు. పైగా చేతిలో ట్యాబ్ ఉంది. రాతపూర్వకంగా తిడితే బీపీ పెరగదని నాకు తోచింది. కూర్చొని తీరిగ్గా తిట్టాను. అంతా రాశాక, మా మరదలికి అక్షరం ముక్క రాదని గుర్తొచ్చింది. పోనీలే, సభ అయిపోయాక నేనే గోడ దగ్గర నిలబడి మెల్లగా చదివి వినిపిద్దామనుకున్నాను.

పేరు పెట్టమని ట్యాబ్ అడిగింది. ఎవరికి రాస్తే వారి పేరు పెట్టడం నా పద్ధతి. 'కోటేశ్వరమ్మ' అని పెట్టాను. అప్పుడది ఇట్లా అడిగింది: 'ఈ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉంది. భర్తీ చేయాలా?'

ఉంటే ఏమైంది? మా ఇంట్లోనే ముగ్గురు అంకమ్మలం ఒక కంచంలో తిని పెరిగాం. ఇక భర్తీ అంటే నింపడం. ఉద్యోగాల భర్తీ అని పేపర్లో రోజూ చదువుతూనే ఉన్నాను. టీచరమ్మ ఫైల్లో ఇంకా చోటు మిగిలింది కాబోలు, ఆ ఖాళీలో దీన్ని నింపనా అని మర్యాదగా అడుగుతోంది అనుకున్నాను. బస్తా సగమే నిండితే మిగతా సగం నింపమా? పైన టీచరమ్మ ఉంటుంది, కింద బర్రె ఉంటుంది. బర్రె వచ్చేలోపు చదవడం ఆపేస్తే సరి. చేయమని నొక్కాను.

మర్నాడు సభ. ఊరంతా వచ్చింది. వీరయ్య ముందు వరసలో తువ్వాలు దులిపాడు. ఆడవాళ్ళ వరసలో మా మరదలు కొత్త చీర కట్టుకొని కూర్చుంది. టీచరమ్మ మెడలో పూలదండ. నేను మైకు ముందు నిలబడి ట్యాబ్ తెరిచాను.

నా చదువు సంగతి ఒకటి మీకు చెప్పాలి. కూడబలుక్కొని చదివేవాళ్ళకు ముందు నోరు పని చేస్తుంది, తరవాత బుర్ర. నా మాట మైకులోంచి పోయి, బడి గోడకు తగిలి, తిరిగొచ్చి నా చెవిలో పడితేగాని దాని అర్థం నాకు తెలియదు.

"కోటేశ్వరమ్మా," అని మొదలుపెట్టాను. 'గారు' ఎక్కడికి పోయిందో గమనించలేదు. "నీ సంగతి నలుగురికీ తెలియాల్సిన రోజు వచ్చింది."

చప్పట్లు.

"నువ్వు ఈ ఊళ్ళో కాలు పెట్టిన నాటి నుంచి నా బతుకే మారిపోయింది."

ఇంకా చప్పట్లు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"నీ చేతి కింద పెరిగినవాటిని చూస్తే నీ పెంపకం ఏందో తెలిసిపోద్ది."

బడిపిల్లలు ఛాతీలు విరుచుకొని కూర్చున్నారు.

"కంచె కనపడదు, గోడ కనపడదు. పచ్చగా ఉంటే చాలు, మూతి పెట్టుద్ది."

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఆగాయి. నేను మాత్రం ఆగలేదు. ఒత్తులు బాగా పలుకుతున్నాయన్న సంబరంలో ఉన్నాను.

"నాలుగు కాళ్ళ దానికి బుద్ధి లేకపోతే, రెండు కాళ్ళ దానికైనా ఉండొద్దా?"

అప్పుడు నా గొంతు గోడకు తగిలి నా దగ్గరికి తిరిగొచ్చింది. అదే సమయానికి ఆడవాళ్ళ వరసలోంచి మా మరదలు లేచింది.

"ఏందే వదినా, అది మా గౌరి సంగతి గదా?"

"నువ్వు కూర్చోవే. నీది కాదు ఇప్పుడు, టీచరమ్మది కిందికి పోయినట్టుంది, వస్తది ఉండు," అని వేలితో ట్యాబును కిందికి తోశాను. బీర పాదు వచ్చింది. పిందెలు వచ్చాయి. కట్టుగొయ్య, పలుపుతాడు వచ్చాయి. ఆ తరవాత తెల్లగా, సున్నం కొట్టిన గోడలాగా ఉంది. టీచరమ్మ లేదు.

సుజాత పరుగున వచ్చింది. "అత్తయ్యా, రెండిటికీ ఒకటే పేరు పెట్టావా?"

"పెట్టా. ఇద్దరి పేరూ ఒకటే గదే."

"భర్తీ చేయాలా అని అడిగిందా?"

"మర్యాదగానే అడిగింది. చేయమన్నా."

"భర్తీ అంటే పాతది తీసేసి దాని చోట్లో కొత్తది పెట్టటం అత్తయ్యా."

"అంటే టీచరమ్మను తీసేసి బర్రెను కూర్చోబెట్టానా?"

మైకు ఆపలేదన్న సంగతి మా ఇద్దరికీ గుర్తు లేదు. ఆటోలు ఆగింది అప్పుడే.

నవ్వులు తగ్గాక వీరయ్య లేచాడు. నా పని అయిపోయిందనుకున్నాను. నా పనే అయితే పరవాలేదు, టీచరమ్మ ముఖం ఎట్లా చూడాలి? అతను తువ్వాలు దులపలేదు. తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇది వదిన రాసిందే," అన్నాడు. "కోడలు ఇట్టా రాయలేదు. ఆ మాటకొస్తే పెద్ద చదువులు చదివినోళ్ళెవరూ ఇట్టా రాయలేరు. రోజూ గోడ మీంచి వినేదే, అచ్చుగుద్దినట్టుంది. నేను ఓడిపోయా. సాయంత్రం బడి ఉత్తది కాదు."

టీచరమ్మ నా చేతిలోంచి ట్యాబ్ తీసుకొని మొదటి నుంచి చివరిదాకా చదివింది. నవ్వీ నవ్వీ పూలదండ ఒక పక్కకు జారింది.

"పెద్దమ్మా, 'కట్టుగొయ్య'లో రెండు ఒత్తులూ సరిగ్గా పెట్టావు. ఇన్నాళ్ళూ నేను చెప్పింది వృథా పోలేదు."

"నీ గురించి రాసింది పోయిందమ్మా," అన్నాను. "చానా బాగా రాశా."

"రాయటం పోలేదుగా," అంది ఆమె.

ఆ సాయంత్రం మా మరదలు గోడ దగ్గరికి వచ్చింది. గౌరిని అవతలి మూలకు మార్చి కట్టేసింది. ముఖం మాత్రం కుంపటిలా ఉంది.

"ఊరందరి ముందూ నన్ను తిట్టావు. నాకూ అక్షరాలు నేర్పు."

"ఎందుకే?"

"జవాబు రాయాలి."

నేర్పాను. పగతో నేర్చుకుంటే చదువు ఎంత తొందరగా వస్తుందో ఆమెను చూశాకే నాకు తెలిసింది. టీచరమ్మ ఫోన్ చేసినప్పుడు చెబితే మురిసిపోయింది. మొన్ననే మా మరదలు నా అరుగు మీద కూర్చొని, నా ట్యాబులోనే, నా ముందే నన్ను తిడుతూ జవాబు పూర్తి చేసింది. ఎవరికి రాస్తే వారి పేరు పెట్టాలన్నది నేను నేర్పిన పద్ధతే కాబట్టి 'అంకమ్మ' అని పెట్టి సేవ్ చేసింది.

కాబట్టి మీ అందరి ఎదుటా, మా అంకమ్మ తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ట్యాబ్ ఏమడిగినా, రెండుసార్లు చదివి, అర్థం చేసుకోకుండా ఈ జన్మలో మళ్ళీ వేలు పెట్టను.

ఇప్పుడు మీరు చదివినదంతా కూడా అందులోనే రాశాను. ఇది నా కథ కనక నా పేరే పెట్టాను. 'అంకమ్మ' పేరుతో ఫైల్ ఇప్పటికే ఉంది, భర్తీ చేయాలా అని అడిగింది.

రెండుసార్లు చదివాను. బాగా అర్థమయింది. చేయమని నొక్కాను.