బీరువాల కార్ఖానా పక్క బడి

రాహేలు పుట్టి పెరిగింది గౌలిపురలో. ఇంటికి ఒక పక్క బర్రెల కొట్టం, ఇంకో పక్క పాల క్యాన్లు కడిగే చప్టా. తండ్రి మొగులయ్య బస్సు డిపోలో మెకానిక్కు. ఏళ్ల తరబడి ఇంజన్ల మోతలో పనిచేసి ఆయన చెవులు మందగించాయి. మంచినీళ్లు కావాలన్నా అరిచినట్టే అడిగేవాడు. ఊరికే కోప్పడతాడని చుట్టుపక్కల పిల్లలు ఆయన ఎదురుపడితే పక్క గల్లీలోకి తప్పుకునేవారు.

ఇంటర్ కాగానే రాహేలు చర్చి బడిలో చిన్నపిల్లల టీచరుగా చేరింది. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్ అయిన డానియేలుతో పెళ్లయింది, ఒక కొడుకు పుట్టాడు. ఉద్యోగం మాత్రం మానలేదు. నలభై దాటాక శాలిబండలోని ఒక మహిళా సంఘం, చిన్నపిల్లల టీచర్లను తయారుచేసే ఏడాది కోర్సుకు ఆమెను బోధకురాలిగా పిలిచింది. అప్పటినుంచి అక్కడే ఉంది.

కొత్తగా చేరిన అమ్మాయిలకు మొదటి రోజే ఆమె ఒక మాట చెప్పేది.

"పిల్లగాడు మన దగ్గర ఉండేది పొద్దున మూడు గంటలు. మిగతా టైమంతా గల్లీల ఉంటడు. ఆ గల్లీకి మీరు పోకపోతే, ఆ పిల్లగాడు మీకు సగం కూడ తెల్వడు. పాట నేర్పుడు, రంగులు వేయించుడు ఒక్కటే కాదు మన పని. వానికోసం ఎవరితోనన్న మాట్లాడాల్సి వస్తే మనమే పోవాలె. అది గూడ నేర్చుకోవాలె."

అందుకే శుక్రవారం మధ్యాహ్నం ఆమె క్లాసు గదిలో ఉండేది కాదు. అమ్మాయిలను వెంటబెట్టుకుని పిల్లల ఇళ్లకు, రేషన్ షాపుకు, టీకాలు వేసే చోటికి, వార్డు ఆఫీసుకు వెళ్లేది. కొందరు అమ్మాయిల తల్లిదండ్రులకు ఇది నచ్చలేదు. సంఘం కార్యదర్శి ఆనందరావుకు అసలే నచ్చలేదు.

"సిలబస్‌ల ఇది ఎక్కడుందమ్మా?" అని అడిగాడు ఒకసారి. "పరీక్షల పాస్ అయితే చాలు. ఆడపిల్లలను గల్లీల తిప్పి నాకు లొల్లి తేకు."

"పాస్ చేయిస్త సార్. తిప్పుత కూడ," అంది రాహేలు.

ఒక ఏడాది బ్యాచిలో ఇద్దరు ముఖ్యమైనవాళ్లు. ఒకరు స్వీటీ. మాదన్నపేట పిల్ల, మాట ముందు, ఏడుపు ఆ వెనకే. రెండో అమ్మాయి రచన. పాతబస్తీలో ఎప్పటినుంచో వ్యాపారం చేస్తున్న కుటుంబానికి కోడలు. పెళ్లయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, మామగారిని ఎన్నో విధాల బతిమాలి కోర్సులో చేరింది. నెమ్మదిగా మాట్లాడేది, అడిగితే తప్ప నోరు తెరిచేది కాదు.

అమ్మాయిలు పాఠాలు చెప్పడం అభ్యాసం చేసే బాలవాడికి, అంటే చిన్నపిల్లల బడికి, అంతకుముందున్న గదులు ఖాళీ చేయాల్సి వచ్చింది. తక్కువ కిరాయికి శాలిబండ వెనక గల్లీలో రెండు గదులు దొరికాయి. వెలుతురుంది, నల్లా ఉంది. చేరాక తెలిసింది, గోడకు ఆ పక్క ఇనుప బీరువాలు తయారుచేసే కార్ఖానా అని.

పొద్దున పిల్లలు రాగానే అటువైపు సుత్తె దెబ్బలు మొదలయ్యేవి. రేకు మీద పడే ప్రతి దెబ్బకూ కిటికీ ఊచలు అదిరేవి. స్వీటీ కథ చెప్పబోతే ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు కూడా వినబడేది కాదు. ఆమె గొంతు పెంచేది, పిల్లలు ఇంకా పెంచేవారు. రూప అనే నాలుగేళ్ల పాప మాత్రం అరిచేది కాదు. చెవుల్లో వేళ్లు పెట్టుకుని చాపల చుట్టల వెనక నక్కేది. వారం తిరిగేసరికి స్వీటీ గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"మేడం, నా వల్ల కాదు. నన్ను వేరే సెంటర్‌ల వేయండి," అని ఏడ్చింది.

"నిన్ను వేస్త. పిల్లలను ఎక్కడ వేయాలె?"

"అయితే పోలీసులకు కంప్లైంట్ ఇద్దాం. కార్ఖానా బంద్ చేయిస్తరు."

"ఆ కార్ఖానా మనకన్న ముందునుంచి ఉంది. దాని మీద ఎన్నో ఇండ్లు బతుకుతున్నయి. మన బడి పిల్లల నాయనలే కొందరు అండ్ల పని చేస్తున్నరు. రూప వాళ్ల నాయన మల్లన్న కూడ అండ్లనే. ముందు పోయి చూద్దాం. కంప్లైంట్ ముచ్చట తర్వాత."

శుక్రవారం అమ్మాయిలందరూ కార్ఖానా గేటు దాకా వచ్చారు. రచన అక్కడే ఆగిపోయింది. రాహేలు వెనక్కి తిరిగి చూసింది.

"మేడం, ఇది మా మామయ్యది," అంది రచన, తల వంచుకుని. "నేను లోపల అడుగు పెట్టినట్టు తెలిస్తే నా చదువు బంద్ అయితది."

మిగతా అమ్మాయిలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత సులువైన దారి చేతిలో ఉండగా కార్మికులతో మాటలెందుకని స్వీటీ అనబోయింది. రాహేలు ఆమెను కంటితోనే ఆపింది.

"నీ ఇల్లు, నీ కష్టం నాకు తెల్వనియి కావు," అంది రచనతో. "లోపలికి రమ్మని గాని, ఇంట్ల అడగమని గాని నేను చెప్ప. ఏం చేయాలో నువ్వే ఆలోచించుకో. ఇయ్యాల బడిల కూసొని రేపటి పాఠం చూస్కో."

రచన వెనుదిరిగింది. మిగతావాళ్లు లోపలికి వెళ్లారు.

లోపల కాళ్లకింద రేకు ముక్కలు, గాలిలో రంగు వాసన. పనివాళ్లలో పెద్దరికం మల్లన్నదే. చేతిలో చెక్క సుత్తె పట్టుకుని, "ఏం గావాలమ్మా?" అని గట్టిగా అడిగాడు. స్వీటీ భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది. రాహేలు దగ్గరికి వెళ్లి, ఆయన ముఖానికెదురుగా నిలబడి నిదానంగా మాట్లాడింది.

"మల్లన్నా, మేము గోడకు ఆ పక్క బడోళ్లం. మీ పని ఎట్ల జరుగుతదో చూద్దామని వచ్చినం. పని ఆపకుండ్రి."

ఆ రోజు ఇంకేమీ అడగలేదు. తర్వాతి రోజుల్లో అమ్మాయిలు ఇద్దరేసి చొప్పున వచ్చి కూర్చున్నారు. రేకు వంచడం, సొట్టలు తీయడం, మూలలు కలిపి కొట్టడం మోత పనులని చూశారు. గరుకు కాగితంతో రుద్దడం, రంగు వేయడం, తాళాలు, పిడులు బిగించడం చప్పుడు లేని పనులు. బీరువా వెంట బీరువా చేస్తారు కాబట్టి ఈ పనులన్నీ రోజంతా కలగలిసి సాగుతున్నాయి.

"పొద్దున చప్పుడు లేని పనులు, పగటీలి పిల్లలు ఇంటికి పోయినంక మోత పనులు చేస్తే కాదా అన్నా?" అని స్వీటీయే అడిగింది.

"అయితది," అన్నాడు మల్లన్న. "ముందు రోజు కొట్టినయి మర్నాడు పొద్దున రంగేసుకోవచ్చు. కానీ మాకు బీరువాకింత అని లెక్క. ఒక్కటి తగ్గినా మాకే దెబ్బ. సేటు ఒప్పుకోవాలె."

"మా నాయనకు గూడ డిపోల చెవులు పోయినయి," అంది రాహేలు. "నేను చిన్నప్పుడు ఆయన ఒళ్లోకి పోవాలంటే భయపడేదాన్ని. మీరు ఒక్కసారి మా బడికి వచ్చి కూసోండ్రి. అరగంట చాలు."

మర్నాడు మల్లన్న వచ్చాడు. అటువైపు తోటివాళ్లు మామూలుగానే కొడుతున్నారు. పిల్లలు తలా ఒక ముచ్చట చెప్పే వేళ అది. రూప లేచి నిలబడింది. నాన్నను చూసిన సంబరంలో చేతులు తిప్పుతూ ఏదో చెప్పుకుపోయింది. మల్లన్న ముందుకు వంగాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బిడ్డ పెదాలు కదులుతున్నాయి, అంతే. పక్కనున్న పిల్లలకు కూడా వినబడక వాళ్లు అప్పటికే తోసుకోవడం మొదలుపెట్టారు. చెప్పడం అయిపోయి రూప ఆయన వైపు చూసింది. ఆయన తల ఊపి నవ్వాడు.

బయటికొచ్చాక, "ఏం చెప్పింది టీచర్?" అని అడిగాడు.

"నాకు గూడ వినబడలే మల్లన్నా."

ఆయన చెప్పులేసుకున్నాడు. "సేటుతోని నేను గూడ మాట్లాడుత," అని వెళ్లిపోయాడు.

ముందు రాహేలే, రచన మామగారైన సేటు సీతారాంను కలవడానికి ఆయన దుకాణానికి వెళ్లింది. ఆయన కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఆమె చెప్పిందంతా విని తల అడ్డంగా ఊపాడు.

"టీచరమ్మా, మీరంటే ఇజ్జత్ ఉంది. కానీ ముందు వచ్చింది మేమా, మీరా? చప్పుడున్న చోటికి మీరొచ్చి మమ్మల్ని చప్పుడు చేయొద్దంటే ఎట్ల?"

"మీరన్నది నిజమే సేట్‌జీ. బంద్ చేయమంటలే. పొద్దున మూడు గంటలు పని మార్చుకోమంటున్న."

"ఇయ్యాల మూడు గంటలంటరు, రేపు మొత్తం అంటరు. కాదు."

సాయంత్రానికి ఈ సంగతి ఆనందరావుకు చేరింది. ఫోను చేసి కోప్పడ్డాడు. రాహేలు ఓపిగ్గా విని, "మళ్లా పోతా సార్," అని పెట్టేసింది.

రెండు రోజుల తర్వాత సీతారాం ఇంట్లో మధ్యాహ్నం భోజనాల వేళ, వడ్డిస్తూ రచన నోరు విప్పింది. అంతకుముందు ఆమె ఆయనతో అన్నం, పప్పు సంగతులు తప్ప మాట్లాడి ఎరగదు.

"మామయ్యా, మీ దుకాణానికి వచ్చింది మా మేడమే. నేను పాఠం చెప్పేది కూడ ఆ బడిలనే."

సీతారాం చెయ్యి కంచంలోనే ఆగింది. "నిన్ను చదువుకోమని పంపిస్తే, నా కార్ఖానా మీదికే లొల్లి తెస్తవా?"

అత్తగారు విమలాదేవి కంగారుగా కోడలి చెయ్యి పట్టుకుంది. రచన మాట ఆపలేదు.

"లొల్లి కాదు మామయ్యా. మేడం నన్ను అడగమనలే. నేనే అడుగుతున్న. మీ దగ్గర పనిచేసేటోళ్ల పిల్లలే అక్కడ కూసుంటున్నరు. ఒక్కసారి వచ్చి చూడండి. చూసినంక వద్దంటే నేను మళ్లా అడగ."

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. తర్వాత కొన్నాళ్లు కోడలితో మాట్లాడలేదు. అయినా రచన రోజూ బడికి వెళ్లింది. ఆ శుక్రవారం అమ్మాయిలు కార్ఖానాకు బయల్దేరినప్పుడు ఎవరూ పిలవకుండానే అందరికన్నా ముందు గేటు దాటింది. పనివాళ్లు సేటు కోడలిని గుర్తుపట్టి లేచి నిలబడ్డారు. "కూసోండి అన్నా, పని చేసుకోండి," అంటూ రేకుల కట్ట మీదే కూర్చుంది.

ఆ వార్త ఇంటికి చేరకుండా ఉండదు. మర్నాడు పొద్దున్నే సీతారాం కార్ఖానాకు వచ్చాడు. కోప్పడడానికే వచ్చాడని అందరూ అనుకున్నారు. మల్లన్న చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి, ఏ పని పొద్దున చేయొచ్చో, ఏది పగటీలికి జరపొచ్చో చెప్పాడు. మల్లన్న ఆగిన చోటల్లా, బడినుంచి పరుగున వచ్చిన రచన అందుకుంది. సీతారాం బడి వైపు వెళ్లలేదు. గోడ దగ్గర నిలబడి సుత్తె ఆపమన్నాడు. ఆ నిశ్శబ్దంలో అటునుంచి పిల్లలు లెక్కపెడుతున్న అంకెలు వినబడ్డాయి. కాసేపు విన్నాడు.

"ఒక నెల చూస్త," అన్నాడు. "మాల్ తగ్గిందా, మళ్లా మొదటి పద్ధతే."

మాల్ తగ్గలేదు. పొద్దునపూట గదిలో కథలు మొదలయ్యాయి. రూప చాపల చుట్టల వెనకనుంచి బయటికి రావడానికి ఇంకొన్నాళ్లు పట్టింది, కానీ వచ్చింది. ఈలోగా రాహేలు అమ్మాయిలతో కలిసి పనివాళ్లను సర్కారు దవాఖానాకు తీసుకెళ్లి చెవులు చూపించింది. మల్లన్నకు ఒక చెవి బాగా దెబ్బతిన్నదని తేలింది. సుత్తె పట్టినప్పుడు చెవుల్లో పెట్టుకునే బిరడాలు వాడమన్నారు. ముందు నవ్వుకున్నవాళ్లే తర్వాత వాడసాగారు.

అంతలో పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. ఆర్డర్లు మీద పడ్డాయి. ఒక పొద్దున చెప్పాపెట్టకుండా సుత్తెలు మోగాయి. స్వీటీ మండిపడింది.

"చూసిన్రా మేడం? మాట మీద నిలబడలే!"

"వాళ్లకు నాలుగు పైసలు దొరికేది ఇప్పుడే కదా," అంది రాహేలు. "మనం గూడ కొంచెం జరుగుదాం. పోయి మాట్లాడి రాండ్రి. నేను రాను, ఈసారి మీరే."

అమ్మాయిలే వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు ఒక ఒప్పందంతో వచ్చారు. సీజన్ అయ్యేదాకా పొద్దునపూట బడి బయటే, అయ్యాక కార్ఖానాలో పొద్దున మళ్లీ చప్పుడు లేని పనులే. తల్లుల తోడుతో పిల్లలను ఒక రోజు మాదన్నపేట కూరగాయల మార్కెట్టుకు, ఇంకో రోజు గౌలిపురలో పాలు పితికే చోటికి తీసుకెళ్లారు. మార్కెట్టులో వంకాయలు లెక్కపెట్టిన పిల్లలకు ఒక ముసలమ్మ తలా ఒక క్యారెట్ ఇచ్చింది. సీజన్ ముగిశాక వచ్చిన సోమవారం కార్ఖానాలో పొద్దునపూట మళ్లీ రంగు పని మొదలైంది.

ఏడాది చివర అమ్మాయిలందరూ పాసయ్యారు. తల్లిదండ్రుల సమావేశంలో మల్లన్న లేచి నాలుగు మాటలు మాట్లాడాడు, ఎప్పటిలాగే గట్టిగా. పనివాళ్లందరి తరఫున, శుక్రవారం క్లాసు ఆపొద్దన్నాడు. ఆనందరావు వేసిన కొత్త టైంటేబుల్‌లో శుక్రవారం మధ్యాహ్నానికి 'బస్తీ పని' అని ఒక గడి చేరింది.

రచన ఇప్పుడు మాదన్నపేటలో ఒక బాలవాడి టీచరు. మామగారు ఉద్యోగానికి సరే అనలేదు, వద్దనీ అనలేదు. పొద్దున దుకాణానికి వెళ్తూ కోడలిని తన బండి మీదే దింపుతున్నాడు. ఆమె బడి గేటు ముందు చెత్తకుప్ప ఉంది. తీయించాలని వార్డు ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. మొన్న రాహేలుకు ఫోను చేసింది.

"మేడం, ఈసారి గూడ కాలే. ఆఫీసర్ లేడన్నరు."

"మరి ఏం చేస్తవ్?"

"సోమవారం మళ్లా పోత."

"ఒక్కదానివేనా?"

"కాదు మేడం. తల్లులందరు వస్తమన్నరు."

"మంచిది," అంది రాహేలు. "జర పొద్దున్నే పోండ్రి. ఆఫీసర్ సీట్ల కూసోకముందే మీరు కూసోవాలె."